టెక్నికల్ కన్సల్టింగ్ ఆఫర్ వచ్చింది, చేరొచ్చా?

ఇన్నాళ్లూ ప్రొడక్ట్ కంపెనీలో కోడ్ రాశాను, ఇప్పుడు కన్సల్టింగ్ వాళ్లు ఎక్కువ జీతం ఇస్తామంటున్నారు, వెళ్లొచ్చా అని అడిగారు. కోడ్ బాగా రాసేవాళ్లు చాలామంది అక్కడ మొదటి ఏడాది బోల్తా పడతారు. నేనైతే ఇంటర్వ్యూలోనే పడ్డాను.

చివరి రౌండ్‌లో ఎదురుగా కూర్చున్నాయన లాప్‌టాప్ మూసేసి, "నేను మీ క్లయింట్‌ననుకోండి. మా నెలవారీ రిపోర్ట్ రావడానికి 40 నిమిషాలు పడుతోంది. ఏం చేస్తారు?" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. మార్కర్ అందుకుని బోర్డు నింపేశాను. ఇండెక్స్ ఏ కాలమ్ మీద పెట్టాలి, పాత డేటాని ఎలా విడగొట్టాలి, లెక్కలు రాత్రిపూటే కట్టి పెట్టుకుంటే ఎంత కలిసొస్తుంది... ఆయన ఓపిగ్గా అంతా విని, "ఇంతకీ ఆ రిపోర్ట్ ఎవరు చూస్తున్నారు?" అన్నాడు.

మార్కర్ మూత వెతుక్కుంటూ ఉండిపోయాను. ఆ రిపోర్ట్ కావాలన్న మేనేజర్ ఎప్పుడో వేరే విభాగానికి మారిపోయాడట. దాన్ని తెరిచే నాథుడే లేడు. అడగాల్సింది అదండీ! అయినా ఆఫర్ ఇచ్చారు. తెల్లమొహం వేసి, "ముందే అడగాల్సింది" అని ఒప్పుకున్నందుకే అయ్యుంటుంది. అంతకుముందు మూడు రౌండ్లలోనూ రెజ్యూమే తెరిచి చూడకుండా వచ్చి "మీ గురించి చెప్పండి" అన్నవాళ్ల కంటే ఈయన వెయ్యి రెట్లు నయం.

ఇక ఆఫర్ సంగతి. జీతం అంకె చూసి మురిసిపోకండి. అందులో వేరియబుల్ (టార్గెట్‌ని బట్టి పెరిగి తగ్గే భాగం) ఎంత, అది దేనికి ముడిపెట్టారు అన్నది చూడండి. నాది యుటిలైజేషన్‌కి, అంటే మొత్తం పనిగంటల్లో క్లయింట్‌కి బిల్లు చేసినవాటి శాతానికి ముడిపెట్టారు, టార్గెట్ 80 శాతం. వారానికి 40 గంటల చొప్పున ఏడాదికి 2,080 గంటలు. అందులో 80 శాతమంటే 1,664 గంటలు క్లయింట్‌కి బిల్లు చేయాలి. వినడానికి తేలిగ్గానే ఉంటుంది.

మొదటి ఏడాది ప్రాజెక్ట్ లేక 10 వారాలు బెంచ్ మీద కూర్చున్నాను. 400 గంటలు పోయాయి. 15 రోజులు సెలవు పెట్టాను, ఇంకో 120 పోయాయి. మిగిలిన ప్రతి గంటా బిల్లు చేసినా 1,560 దాటలేదు, అంటే 75 శాతం. సేల్స్ వాళ్లు ప్రాజెక్ట్ తేకపోతే కోత నా జీతంలో!

కాబట్టి సెలవులు లెక్కలోంచి తీసేస్తారా, బెంచ్ కాలానికి వేరియబుల్ ఇస్తారా, ప్రయాణంలో పోయే గంటలు ఎవరి ఖాతాలో పడతాయి అని అడగండి. జవాబు మెయిల్‌లో రాసివ్వమనండి. "మా దగ్గర బెంచ్ అనేదే ఉండదండీ" అని నాకు ఫోన్‌లో చెప్పిన హెచ్ఆర్ ఆవిడే, ఆ 10 వారాలూ ప్రతి సోమవారం బెంచ్ లిస్ట్‌లో నా స్కిల్స్ అప్‌డేట్ చేయమని మెయిల్ పెట్టేది.