వైజాగ్‌లో సొంత బండి లేకుండా బతకొచ్చా?

అడిగినాయన సంగతి ఇదీ: మధురవాడ వైపు ఉద్యోగం వచ్చిందట, వచ్చే నెల పెళ్లాం పిల్లలతో దిగుతున్నారట. బండి కొనుక్కోవాలా, మెట్రో వచ్చేదాకా బస్సుల మీద నెట్టుకురావచ్చా అని.

నేను పుట్టింది అల్లిపురంలో. 2011 నుంచి ఉంటున్నది మధురవాడలో. పని ద్వారకానగర్‌లో ఒక ఆడిటర్ గారి దగ్గర. నాకు బండి రాదు. కుర్రతనంలో మా బావ స్కూటరు మీద నేర్చుకుంటూ పూర్ణా మార్కెట్ దగ్గర అరటిగెలల బండిలోకి వెళ్లిపోయాను, ఆ తర్వాత మళ్లీ హ్యాండిల్ పట్టలేదు. కాబట్టి ఈ ప్రశ్నకి జవాబు చెప్పే అర్హత నాకు నిండుగా ఉంది. బతకొచ్చండి. 222 నంబరు బస్సు పట్టుకుంటే ఆర్టీసీ కాంప్లెక్స్, అంటే ఊళ్లో పెద్ద బస్టాండు, అక్కణ్ణుంచి తగరపువలస దాకా వెళ్లొచ్చు, బస్సు దొరక్కపోతే సర్వీసాటోలు ఎలాగూ ఉన్నాయి. వైజాగ్‌లో బస్సు ఎక్కడం ఎప్పుడూ కష్టం కాలేదు. రోడ్డు దాటడమే కష్టం. నన్నడిగితే ఈ ఊళ్లో జనం బళ్లు కొంటున్నదే రోడ్డు దాటడానికి. నవ్వకండి, చెప్తాను.

మొన్న కార్తీకంలో మా అమ్మకి కంట్లో శుక్లం తీయించాం. ఆవిడకి 76 ఏళ్లు. సొంతూరు శ్రీకాకుళం జిల్లాలో, వంశధార ఒడ్డున. ఆపరేషనయిన వారానికి చూపించుకోమన్నారు. ఆసుపత్రి హనుమంతవాకకీ మద్దిలపాలేనికీ మధ్య, హైవేని ఆనుకునే ఉంటుంది. పొద్దున్న మధురవాడలో 222 ఎక్కాం. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి సిటీ బస్సు ఉచితం కదా, అమ్మ కండక్టరుకి ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్టు తీసుకుని, దాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దాచుకుంది. ఎందుకమ్మా అంటే "ఎవులైనా అడిగితేనో" అంది. బస్సు ఆసుపత్రి వైపే ఆగింది. దిగి నాలుగడుగులేస్తే గేటు. డాక్టరు గారు చూశారు, చుక్కల మందు మార్చారు, నల్లద్దాలు ఇంకో వారం తీయొద్దన్నారు. పదకొండున్నరకల్లా బయటికొచ్చేశాం. ఇంత సుఖంగా పనైపోయిందే అనుకున్నాను.

తిరుగు బస్సు అవతలి వైపు ఆగుతుంది. స్టాపు కనబడుతూనే ఉంది. మధ్యలో మూడు వరసల రోడ్డు, డివైడరు, మళ్లీ మూడు వరసలు. ఇదివరకు అక్కడ డివైడర్లో ఖాళీ ఉండేది. ప్రమాదాలవుతున్నాయని దాన్ని మూసేసి పొడుగునా ఇనప కంచె పెట్టారు. మూసినవాళ్లు మనుషులు ఎక్కణ్ణుంచి దాటాలో మాత్రం చెప్పలేదు. సిగ్నలున్న జంక్షన్ దాకా నడుద్దామంటే ఫుట్‌పాత్ మీద ముందు ఒక ట్రాన్స్‌ఫార్మరు, దాని పక్కన రెండు కార్లు, ఆ తర్వాత పలక లేచిపోయిన కాలవ. ఒంటికన్నుతో చూస్తున్న మనిషిని ఆ కాలవ మీంచి తీసుకెళ్లే ధైర్యం నాకు లేకపోయింది.

అక్కడ అట్లు పోసే బండి ఒకటుంది. ఆవిడ మా అవస్థ చూసి "మామ్మని తీసుకుని దాటకు బాబూ" అంది. నేను వింటేనా! యాభై ఏళ్లు దాటినవాణ్ణి, అల్లిపురం వాణ్ణి, నాకు రోడ్డు దాటడం నేర్పుతారా. మా చిన్నప్పుడు జగదాంబ జంక్షన్లో చెయ్యి చూపించి దాటేవాళ్లం, బస్సు కూడా ఆగేది. అదే లెక్కన అమ్మ చెయ్యి పట్టుకుని దిగాను. పోర్టుకెళ్లే కంటైనర్ లారీలు, వాటి సందుల్లోంచి బైకులు, వాటికి ఎదురుగా రాంగ్ రూట్లో వచ్చే ఇంకో నాలుగు బైకులు. అడుగు ముందుకేస్తే హారన్, వెనక్కేస్తే ఇంకో హారన్. చివరికి ఎవరో కాలేజీ అమ్మాయి, బ్యాగు భుజానేసుకున్న పిల్ల, మా ముందుకొచ్చి రెండు చేతులూ చాపి నిలబడింది. ఆ పిల్ల ధర్మమా అని డివైడర్ చేరాం.

చేరాక తెలిసింది. కంచెలో ఒకచోట ఎవరో రెండు కమ్మీలు వంచి దారి చేశారు. జానెడున్నర వెడల్పు, కింద మోకాలెత్తు గట్టు. ఆ అమ్మాయి చటుక్కున అందులోంచి దూరి అవతలికి వెళ్లిపోయింది. మా అమ్మ దాన్ని చూసింది, నన్ను చూసింది. "నానెలా దూరతానురా?" అంది. నిజమే, ఎలా దూరుతుంది? ఆ గట్టు పక్కన, మట్టీ ఎండిన మొక్కలూ తప్ప పట్టుకోడానికేమీ లేనిచోట, అమ్మా కొడుకులం పావుగంట నిలబడ్డాం. మా కళ్లముందే రెండు 222లు అవతలి స్టాపులో ఆగి వెళ్లిపోయాయి. ఆ రెండోది ఖాళీగా కూడా ఉంది.

మళ్లీ ఇవతలికే వచ్చేశాం. అట్ల బండావిడ ఏమీ అనలేదు. బెంచీ జరిపి అమ్మకి మంచినీళ్లిచ్చింది. ఆటో పిలిచాను. మధురవాడ దాకా 300 అన్నాడు. అమ్మ ఒప్పుకోదు, బస్సు ఊరికే తీసుకెళ్తూంటే ఆటోకి డబ్బులా అని. "అయితే ఆ ఎదర స్టాపులో దింపు" అన్నాను. అతను ఆ స్టాపు వైపు చూసి, నా వైపు చూసి, 100 అన్నాడు. బేరమాడితే 80కి వచ్చాడు. మద్దిలపాలెం వైపు చాలా దూరం పోయి, యూటర్న్ కొట్టి, మళ్లీ అంత దూరం వెనక్కొచ్చి, మేం పావుగంట చూసిన స్టాపులోనే దింపాడు. అతన్ని తప్పుపట్టను, తిప్పిన దూరానికి అది న్యాయమైన డబ్బే.

డబ్బులిస్తూంటే అమ్మ అంది: "మా కాలంలో వంశధార దాటిస్తే పడవోడు అర్ధా తీసుకునీవోడు. ఎండాకాలం ఏట్లో నీళ్లు నేకపోతే ఊరికినే నడిసెల్లిపోయీవోళ్లం. ఇక్కడ ఏరూ నేదు, నీళ్లూ నేవు. ఎనబై రూపాయలేటిరా?"

ఏమని చెప్పను?

ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ సంగతి వినండి. మా పక్కింటాయన కిందటేడు కూతురికి స్కూటీ కొన్నారు. ట్యూషన్ ఎంతదూరమండీ అంటే హైవేకి అవతలే అన్నారు. పై అంతస్తు ఆవిడ కూరగాయలకి స్కూటీ, ఆ కొట్టూ రోడ్డవతలే. ఇలా కొన్న బళ్లన్నీ అదే రోడ్డెక్కుతాయి, దాంతో నడిచేవాడు దాటడం ఇంకా కష్టమవుతుంది, వాడూ ఒకటి కొంటాడు. యూటర్న్ దూరమని రాంగ్ రూట్లో వస్తాడు. మనం ట్రాఫిక్ పెరిగిపోయిందని తిట్టుకుంటాం. రోడ్డు వెడల్పు చేస్తారు. దాటాల్సింది మూడు వరసల నుంచి నాలుగవుతుంది.

ఫుట్‌పాత్ గురించి కూడా రెండు ముక్కలు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్లు 2012లో నడిచేవాళ్ల కోసం నిబంధనలు రాశారు. అడ్డంకులు పోను నడవడానికి కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. మా ఆఫీసు వీధిలో ఉన్నదాన్ని ఒకరోజు భోజనాల టైములో స్కేలు పట్టుకెళ్లి కొలిచాను. ఎత్తు 34 సెంటీమీటర్లొచ్చింది. మా ఆడిటర్ గారు కిటికీలోంచి చూసి, పైకొచ్చాక "ఏంటయ్యా, ఎకౌంట్లు చాలటంలేదా?" అన్నారు. అంత ఎత్తుంటే ముసలివాళ్లెవరు ఎక్కుతారు? పైగా ప్రతి గేటు దగ్గరా ర్యాంపు కోసం కోసేస్తారు, ఎక్కడం దిగడం, ఎక్కడం దిగడం. పోనీ ఆ పైన నీడుందా అంటే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మింగేసింది. ఆ ముందురోజు దాకా సిరిపురం నుంచి యూనివర్సిటీ వైపు చెట్ల కింద నడిచిన రోడ్లు మర్నాటికి నేను గుర్తుపట్టలేకపోయాను. ఈ ఉక్కపోతలో నీడలేని చోట మనిషి నడవడండీ. ఫుట్‌పాత్‌లకి అడ్డమని తోపుడుబళ్లని మాత్రం తీయించేస్తూంటారు. కార్ల జోలికెవరూ పోరు. నాకు అట్ల బండి అడ్డమనిపించలేదు సుమా, ఆరోజు మమ్మల్ని ఆదరించిందే అది.

నడవడం ఈ ఊరివాళ్లకి చేతకాదని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు లక్షలమంది చెప్పుల్లేకుండా నడుస్తారు. నేను తొమ్మిదిసార్లు చేశాను. కొండ మెట్ల మొదట్లో తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, అప్పుఘర్, ఎంవీపీ మీదుగా వెంకోజీపాలెం, ఇసుకతోట, అటు సీతమ్మధార, మాధవధార, ఎన్ఏడీ, గోపాలపట్నం, మళ్లీ కొండకింద. ఆ రాత్రి ఇదే హైవే మీద, అమ్మా నేనూ ఇరుక్కున్న చోటికి ఎంతో దూరం లేదు, నడిరోడ్డు మీద చతికిలబడి ఎవరో పంచిన పులిహోర తిన్నాను. ఇసుకతోట దగ్గర ఒక పోలీసాయన అయితే మాకోసం లారీలాపి "నడవండి నాన్నా, మెల్లగా" అన్నాడు. అప్పన్న కోసం ఒక్క రాత్రి చేయగలిగింది మిగతా రోజుల్లో పావుగంటకొక్క నిమిషం చేయలేరా?

బీచ్ రోడ్డు కూడా పొద్దున్నే కాసేపు నడిచేవాళ్ల కోసం బళ్లాపి ఉంచుతారు, బాగుంటుంది. కాకపోతే అక్కడ నడవడానికి సగంమంది కార్లలో వస్తారు. ఆ కార్లు ఎక్కడ పెడతారో చెప్పక్కర్లేదు.

మెట్రో అన్నారు కదా. 2014 విభజన చట్టంలోనే దాని మాట ఉంది, అప్పటి నుంచి వింటున్నాం. ఇప్పటి ప్లాను ప్రకారం మొదటి దశ 46.23 కిలోమీటర్లు, 42 స్టేషన్లు. అందులో స్టీల్‌ప్లాంట్ నుంచి కొమ్మాది దాకా 34 కిలోమీటర్ల పైచిలుకు. వస్తే సంతోషమే, మీ మధురవాడ మీదుగానే పోతుంది. కానీ స్టేషన్ దిగినవాడు కూడా రోడ్డు పక్కకే దిగుతాడు కదా. ఇంతకుముందు బీఆర్టీఎస్ అని పెందుర్తి వైపొకటి, సింహాచలం వైపొకటి కట్టారు. బస్సుల కోసం రోడ్డు నడుమ ప్రత్యేకంగా దారులు వేశారు. ఇప్పుడు అందులో అందరూ పోతారు, బీఆర్టీఎస్ రోడ్డు అన్నది అడ్రసు చెప్పుకోడానికి పనికొస్తోంది. అందుకే నా మట్టుకు నాకు మెట్రో కన్నా ముందు సిగ్నల్ ఒకటి కావాలి. మీట నొక్కితే లైటు పడేది, మా అమ్మ నడకకి సరిపోయేంతసేపు ఆగేది. ఫుట్ ఓవర్ బ్రిడ్జి కడతామంటే మాత్రం వద్దు, మోకాళ్లు పనిచేసేవాళ్లు ఎలాగూ కంచెలో దూరుతున్నారు.

మీ ప్రశ్నకొస్తే, బండి కొనకండి. ఇల్లు చూసుకునేటప్పుడు మాత్రం వాస్తు తర్వాత చూసుకోవచ్చు, ముందు సాయంత్రం ఆఫీసు నుంచొచ్చే బస్సు ఏ వైపు ఆగుతుందో చూసి ఆ వైపే తీసుకోండి. పొద్దున్న ఓపికుంటుంది, ఎలాగోలా దాటతారు. చీకటిపడ్డాక పిల్లల్ని వేసుకుని దాటలేరు. అద్దె ఒక వెయ్యి ఎక్కువైనా పర్లేదు.

అమ్మని రెండోసారి చూపించడానికి మళ్లీ వెళ్లాం. బయటికొచ్చి నేను ఆటో కోసం చెయ్యెత్తబోతే ఆవిడ ఆపింది. "ఇటెల్లే బస్సు ఎక్కుదాం, కాంప్లెక్స్‌కెల్లి అక్కడ మనూరు బస్సులో కూకుందాం. నాకు టికెట్టు నేదు కదరా" అంది. అలాగే చేశాం. వ్యతిరేక దిశలో కాంప్లెక్స్ దాకా పోయి, బయల్దేరేచోటే 222 ఎక్కి, కిటికీ పక్క సీట్లో కూర్చుని, ఆసుపత్రి ముందునుంచే అవతలి వైపుగా వెనక్కొచ్చాం. గంటన్నర పట్టింది. ఆవిడ జాకెట్లో రెండు జీరో టికెట్లు, ఒళ్లో కాంప్లెక్స్ బయట కొన్న జామకాయలు. హనుమంతవాక దాటుతూంటే ఒకటి నా చేతిలో పెట్టి, "ఆటోవోడి డబ్బులతో కిలో వొచ్చాయి" అంది.