ఊర్ చూసి రావచ్చా?

ప్రశ్న: మా తమ్ముడు ఇరాక్‌లో, బస్రాలో పనిచేస్తున్నడు. సెలవు దొరికితే ‘ఊర్’ అనే పాత పట్నం చూసొస్తనంటున్నడు. యుద్ధాలు జరిగిన చోటు, నాకేమో భయం. పోనియ్యాలా సార్?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: పోనియ్యండమ్మా. కాకపోతే ముందు బాగ్దాద్‌లోని మన ఎంబసీ ఏమంటోందో చూసుకోమనండి. వద్దంటే మానుకోవాలి, అంతే. తెలిసిన డ్రైవర్‌తో పగటిపూటే వెళ్లి రావాలి.

నాసిరియా దగ్గర, ఎయిర్‌బేస్‌ను ఆనుకునే ఉంటుంది ఊర్. అక్కడి జిగ్గురాత్‌ను, అంటే అంతస్తులుగా లేపిన గుడి దిబ్బను, ఊర్-నమ్ము రాజు క్రీ.పూ. 2100 ప్రాంతంలో కట్టించాడు. లోపల పచ్చి ఇటుక, పైన కాల్చిన ఇటుక, మధ్యలో సున్నం బదులు తారు! కొన్ని ఇటుకల మీద రాజు పేరు ముద్ర ఉంటుంది. మా బడి పిల్లల్ని ఫణిగిరి బౌద్ధ స్తూపం దగ్గరికి తీసుకెళ్లినప్పుడు కూడా ముందు ఇటుకనే చూపించేవాణ్ని; కట్టినవాళ్ల చెయ్యి అందులోనే తెలుస్తుంది.

గోడను దగ్గర నుంచి చూడమనండి. వరసగా కనిపించే చిన్న కన్నాలు లోపలి తేమ పోవడానికి కట్టినవాళ్లే వదిలినవి. అడ్డదిడ్డంగా చెక్కుకుపోయిన గుంటలు 1991 గల్ఫ్ యుద్ధం నాటివి. కింది అంతస్తు ముఖభాగం, పెద్ద మెట్లు మాత్రం చాలావరకు సద్దాం కాలపు మరమ్మతు, దాన్ని చూసి మరీ మురిసిపోనక్కర్లేదు.

ఒక్క కుండ పెంకు కూడా ఏరుకోవద్దు. ఆ పక్కనే ఎరిదు అనే మరో పాత పట్నంలో పెంకులు తీసుకున్న ఓ బ్రిటిష్ పెద్దాయనకు 2022లో 15 ఏళ్ల జైలు వేశారు, తర్వాత ఆ శిక్షను కొట్టేశారనుకోండి. జేబులు దులుపుకునే బండెక్కమనండి.