కుర్చీలు వేసే వేళకే వెళ్లు

నాయనా,

తాగుడు మానడానికి మీటింగులకు వెళ్దామనుకుంటున్నానని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని రాశావు. ఆ సంగతికి వచ్చే ముందు ఒకటి చూసుకో. పొద్దున లేవగానే చేతులు వణుకుతున్నాయా? ఓ గుక్క పడితేగానీ ఆ వణుకు తగ్గడం లేదా? అలాగైతే నీ అంతట నువ్వు ఒక్కసారిగా మానెయ్యకు, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లు. చివరి గ్లాసు తర్వాత మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులు దాటాక మతి తప్పి, లేనివి కనిపించి, ప్రాణం మీదికి రావచ్చు. ఆ గండం దాటించడం ఆసుపత్రి పని, మీటింగు పని కాదు. డాక్టర్ రాసిన మాత్రలను గ్రూపులో ఎవరో అన్నారని ఆపెయ్యడం కూడా అంతే ప్రమాదం.

ఇక వెతకడం. అందరికీ తెలిసింది ఆల్కహాలిక్స్ అనానిమస్, వాళ్లంతా ఏఏ అంటారు. 1935లో అమెరికాలో తాగుడుతో చితికిపోయిన ఇద్దరు, ఒక షేర్ల వ్యాపారి, ఒక సర్జన్, కలిసి మొదలుపెట్టారు. ఫీజు లేదు. తాగుడు ఆపాలన్న కోరిక ఉంటే చాలు, సభ్యుడివే. వాళ్ల వెబ్‌సైట్‌లో నీ ప్రాంతం పేరు కొడితే వారం, సమయం, చిరునామా వస్తాయి. పక్కన ఓపెన్ అనో క్లోజ్డ్ అనో ఉంటుంది. ఓపెన్ అయితే ఇంట్లోవాళ్లను తోడు తీసుకెళ్లొచ్చు. క్లోజ్డ్ అయితే తాగుడు సమస్య ఉన్నవాళ్లే. జాబితాను నమ్ముకుని నేరుగా బయల్దేరకు, అవి పాతబడిపోతుంటాయి. అక్కడున్న నంబరుకు ఫోన్ చేసి ఏ గేటు, ఏ అంతస్తు, ఏ గది అని అడుగు. బయట పెద్ద బోర్డు ఉండదు. వెనక మెట్ల పక్కన ఓ కాగితం అంటించి ఉంటుంది, అంతే. చీకట్లో అది కనిపించక గేటు దాకా వచ్చి వెనుదిరిగేవాళ్లు బోలెడు మంది.

ఏఏ వాళ్లు తాగుడు మానడానికి ఒక్కొక్కటిగా చేసే పన్నెండు పనులున్నాయి, వాటిని పన్నెండు మెట్లు అంటారు. వాటిలో దేవుడి ప్రస్తావన నీకు పడకపోతే స్మార్ట్ రికవరీ అనే ఇంకో గ్రూపు చూడు. ఆలోచనల తీరు మార్చుకునే అభ్యాసాల మీద నడుస్తుంది. దగ్గర్లో ఏదీ లేకపోతే రెండిటికీ ఆన్‌లైన్ మీటింగులున్నాయి. మీ ఆవిడకు విడిగా అల్-అనాన్ ఉంది, తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల కోసం నడిచే గ్రూపు. నువ్వు వెళ్లినా వెళ్లకపోయినా ఆమె వెళ్లొచ్చు.

రోజూ గ్లాసు పట్టే వేళకు జరిగే మీటింగు ఎంచుకో, ఆ గంట గడవడమే కదా కష్టం. గంట, గంటన్నర ఉంటుంది. నీ వంతు వచ్చినప్పుడు "నా పేరు ఫలానా, ఇవాళ వింటాను" అంటే చాలు. ఇంటిపేరు, ఉద్యోగం ఎవరూ అడగరు. ఒకరు చెబుతుంటే మధ్యలో అందుకోకు, సలహా అసలే ఇవ్వకు. చందా సంచీ వస్తే కొత్తవాడివి, పక్కకు అందించెయ్. అక్కడ విన్నది బయటికి పొక్కకూడదు. కానీ అది వాళ్ల కట్టుబాటే, చట్టం కాదు. కోర్టు గొడవలేమైనా ఉంటే అవి లాయర్‌తోనే మాట్లాడు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే: ఆలస్యంగా రావడం, తలుపు పక్క కుర్చీలో కూర్చోవడం, అయిపోగానే జారుకోవడం. నెలైనా ఎవరి పేరూ తెలియదు. "అక్కడేం లేదండీ" అనేస్తారు. నువ్వు పావుగంట ముందే వెళ్లి కుర్చీలు వేయడంలో చెయ్యి వెయ్యి. పని చేతిలో ఉంటే మాట దానంతటదే కలుస్తుంది. అయిపోయాక ఇంకో పావుగంట ఆగి, నాలుగు నంబర్లు రాసుకో. వాటిలో ఒకదానికి ఆ రాత్రే, ఏ అవసరం లేకుండా, ఊరికే ఫోన్ చెయ్యి. తాగాలనిపించిన క్షణంలో కొత్త మనిషికి ఫోన్ చెయ్యడానికి వేలు కదలదు. ముందే ఒకసారి మాట్లాడి ఉంటే కదులుతుంది.

మొదటి మీటింగు నచ్చకపోవచ్చు. ఒక్కో గ్రూపుది ఒక్కో వాలకం. కనీసం మూడు గ్రూపులు, ఆరు మీటింగులు చూశాకే ఓ నిర్ణయానికి రా. తొంభై రోజుల్లో తొంభై మీటింగులు అని అంటుంటారు. అది రూలు కాదు, కుదిరితే మంచిదే.

స్పాన్సర్ అంటే మెట్లు ఎక్కడంలో నీకు తోడుండే పాత సభ్యుడు, ఆ విషయంలో తొందరపడకు. కనీసం ఏడాదిగా తాగనివాడు, మెట్లన్నీ తాను చేసినవాడు, ఫోన్ ఎత్తేవాడు కావాలి. మగవాళ్లకు మగవాళ్లు, ఆడవాళ్లకు ఆడవాళ్లు ఉండటం మామూలు. కొత్తవాళ్ల మీద కన్నేసేవాళ్లూ అక్కడక్కడ ఉంటారు. దాన్ని వాళ్లే "పదమూడో మెట్టు" అంటారు. అప్పు అడిగినా, చనువు శ్రుతి మించినా గ్రూపు మార్చెయ్.

మధ్యలో జారితే మర్నాడే వెళ్లు. తాగని రోజుల లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలవుతుంది, నిజమే. సిగ్గుపడి వారం మానేస్తే ఆ వారం తాగుడులోనే పోతుంది. అందరి ముందు చెప్పడానికి నోరు రాకపోతే, కుర్చీలు తీసేటప్పుడు పక్కవాడితో చెప్పు.