బొలోన్యా స్టేషన్లో 18 నిమిషాల్లో రైలు మారడం కుదురుతుందా?

రోమ్ నుంచి ఫ్రెచ్చారోస్సా అనే హైస్పీడ్ రైల్లో బొలోన్యా వస్తున్నామని, అక్కడి నుంచి రవెన్నా వెళ్ళే రైలుకి 18 నిమిషాలే టైమ్ ఉందని, వెంట అమ్మానాన్నలు, మూడు పెద్ద సూట్‌కేసులు ఉంటాయని, నాన్నగారికి మోకాళ్ళ నొప్పులని రాశారు. మీరొక్కరే భుజాన బ్యాగుతో వెళ్తుంటే ధైర్యంగా వెళ్ళండి అనేవాణ్ణి. పెద్దవాళ్ళతో మాత్రం వద్దండి. దాని తర్వాతి రైలు పెట్టుకోండి. ఎందుకో వివరంగా చెప్తాను, ఎందుకంటే యాప్‌లో చూస్తే ఈ 18 నిమిషాలు బోలెడంత టైమ్‌లాగే కనిపిస్తాయి.

నేను మాస్టర్స్ చదివింది బొలోన్యాలోనే. ఇంటి నుంచి ఎవరు వచ్చినా ఎక్కించడానికి, దింపుకోవడానికి ఆ స్టేషన్‌కి వెళ్ళేవాణ్ణి. బయటి నుంచి చూస్తే అది మామూలు పాత స్టేషన్. కానీ రోమ్, ఫ్లోరెన్స్ వైపు నుంచి మిలాన్‌కో వెనిస్‌కో పోయే హైస్పీడ్ రైళ్ళు చాలావరకు పైన ఆగవు. 2013లో పట్టాల కింద ఇంకో స్టేషన్ తెరిచారు. 16 నుంచి 19 దాకా ప్లాట్‌ఫాంలు అక్కడే ఉంటాయి, నేలకి సుమారు 23 మీటర్ల లోతులో. అంటే మీరు దిగేది దాదాపు ఏడంతస్తుల కింద. రవెన్నా రైలు ఎక్కేది పైన. మీ 18 నిమిషాల్లో సగం ఆ పైకి రావడానికే పోతుంది.

మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఏం జరిగిందో చెప్తే మీకు అంచనా వస్తుంది. రైలు ఆగింది. తలుపు దగ్గర అప్పటికే పది మంది సామాన్లతో నిలబడి ఉన్నారు, వాళ్ళు దిగాకే మేం దిగాలి. బోగీ మెట్ల మీంచి నేనే రెండు సూట్‌కేసులు దింపాను. ప్లాట్‌ఫాం మీద జనమంతా ఒకే ఎస్కలేటర్ వైపు కదులుతున్నారు. మా అమ్మకి ఎస్కలేటర్ అంటే భయం, మొదటి మెట్టు మీద కాలు పెట్టడానికి ఆగిపోతుంది, వెనక జనం ఆగిపోతారు. అందుకని లిఫ్ట్ వెతికాం. లిఫ్ట్ ముందు తోపుడు బండిలో పిల్లలతో రెండు కుటుంబాలు ఉన్నాయి, ఒక విడత వదిలేశాం. పైన హాలుకి వచ్చాక పని అయిపోయిందనుకుంటాం, కానీ అక్కడి నుంచి మళ్ళీ పైకి, తర్వాత పట్టాల కింద ఉన్న సబ్‌వేలో నడక, ఆ తర్వాత మన ప్లాట్‌ఫాం మీదికి ఎక్కడం. నేను దారి తెలిసినవాణ్ణి, ఒక్కచోట కూడా తడుముకోలేదు. అయినా పావుగంట పట్టింది. ఒంటరిగా, వేగంగా నడిస్తే అదే దారి నాకు ఏడెనిమిది నిమిషాలు.

దీనికి తోడు ఇంకో తిరకాసు ఉంది, అది మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. పైన మామూలు నంబర్ల ప్లాట్‌ఫాంలు కాకుండా, స్టేషన్‌కి పడమర చివర కొన్ని, తూర్పు చివర కొన్ని విడిగా ఉంటాయి. బోర్డు మీద వాటి నంబరు పక్కన ‘ఓవెస్ట్’ అనో ‘ఎస్ట్’ అనో ఉంటుంది. 3 వేరు, 3 ఓవెస్ట్ వేరు. రెండోదానికి ఒకటో ప్లాట్‌ఫాం పొడవునా నడుచుకుంటూ చివరిదాకా పోవాలి. ఒకసారి ఒక జంట మూడో ప్లాట్‌ఫాం మీద ప్రశాంతంగా కూర్చుని ఉన్నారు. ఆమె చేతిలో ఫోను తెరిచే ఉంది, అందులో నంబరు పక్కన ఆ మాట స్పష్టంగా ఉంది. నేను చూసి చెప్పేసరికి మూడు నిమిషాలే మిగిలాయి. పాపం పరిగెత్తారు గానీ అందలేదు. బయల్దేరే టైముకి కాస్త ముందే ఇక్కడ తలుపులు మూసేస్తారు, కదిలే రైలెక్కడం అనే మాటే లేదు.

బోర్డులో ఊరి పేరు చూడకండి, రైలు నంబరు చూడండి. అందులో చివరి స్టేషన్ పేరే పెద్దగా వేస్తారు. మీ రైలు రవెన్నా దాటి రిమిని దాకా పోయేదైతే రవెన్నా పేరు కింద చిన్న అక్షరాల్లో ఎక్కడో ఉంటుంది. అలాగని రిమిని అని రాసిన రైలేదో ఎక్కేస్తే అది ఫయెన్‌జా, ఫొర్లీ మీదుగా నేరుగా పోవచ్చు, రవెన్నా రాదు. ‘పార్తెన్‌జె’ అని ఉన్న బోర్డు బయల్దేరే రైళ్ళది, ‘బినారియో’ కింద ఉండేది ప్లాట్‌ఫాం నంబరు, ‘రితార్దో’ కింద అంకె ఉంటే అన్ని నిమిషాలు ఆలస్యం. ఈ మూడూ తెలిస్తే చాలు. మనవాళ్ళు ఊళ్ళో రైలు ఎక్కడుందో ఫోన్లో చూసుకున్నట్టే ఇక్కడ ట్రెనిటాలియా అనే రైల్వే కంపెనీ యాప్‌లోనో, వియాజ్జాత్రెనో అనే వాళ్ళ సైట్‌లోనో రైలు నంబరు కొడితే ఎంత లేటుగా నడుస్తోందో తెలుస్తుంది.

ఇక టికెట్ సంగతి. నిజానికి మీ నిర్ణయం దీని మీదే ఆధారపడాలి.

రోమ్ నుంచి రవెన్నా దాకా ఒకే బుకింగ్‌లో కొన్నారనుకోండి. మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పిపోతే, ఐరోపా నియమాల ప్రకారం అదనంగా పైసా తీసుకోకుండా తర్వాతి రైల్లో మిమ్మల్ని గమ్యం చేర్చాలి. ఆ ధైర్యం మీకుంటుంది. విడివిడిగా రెండు టికెట్లు కొంటే ఆ హక్కు ఉండదు. ముఖ్యంగా మొదటిది ఇతాలో, రెండోది ట్రెనిటాలియా అయితే అవి రెండూ వేర్వేరు కంపెనీలు, ఒకరి ఆలస్యానికి ఇంకొకరు పూచీ పడరు.

అయితే మీ విషయంలో ఒక మంచి సంగతి ఉంది. తప్పిపోతుందని మీరు భయపడుతున్నది ఫ్రెచ్చారోస్సా కాదు, రెజొనాలే, అంటే ప్యాసింజరు రైలు. దానికి సీటు నంబరు ఉండదు, ముందు కొన్నా అప్పటికప్పుడు కొన్నా ఒకే రేటు. ఫోన్లో కొన్న టికెట్‌కి 2025 సెప్టెంబరు దాకా ఎక్కేముందు మనమే చెక్-ఇన్ నొక్కాల్సి ఉండేది, ఇప్పుడు రైలు బయల్దేరాల్సిన టైముకి దానంతట అదే అయిపోతుంది. కాబట్టి రవెన్నా రైలు అందదనిపిస్తే, అది బయల్దేరాల్సిన టైముకి ముందే యాప్‌లో టికెట్‌ని తర్వాతి రైలుకి మార్చుకోండి. కాగితం టికెట్ అయితే ప్లాట్‌ఫాం దగ్గరుండే చిన్న మిషన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి, ముద్ర లేకపోతే జరిమానా వేస్తారు. రవెన్నాకి దాదాపు గంటకో రైలు ఉంటుంది, ప్రయాణం గంటంపావు అటూ ఇటూ. పొద్దున రోమ్‌లో బయల్దేరితే గంట ఆలస్యమైనా రవెన్నాలో మీకు సగం రోజు మిగులుతుంది. రివర్సులో, అంటే రవెన్నా నుంచి వచ్చి ఫ్రెచ్చారోస్సా ఎక్కాలంటే మాత్రం లెక్క వేరు. చవక రేటు టికెట్ అయితే రైలు తప్పితే డబ్బు పోయినట్టే. తిరుగు ప్రయాణంలో గంటకి తక్కువ పెట్టుకోకండి.

నాన్నగారి మోకాళ్ళ గురించి. ఇటలీ పెద్ద స్టేషన్లలో ‘సాలా బ్లూ’ అని ఒక సేవ ఉంటుంది. నడవడం కష్టమైనవాళ్ళకి వీల్‌చైర్ తెచ్చి, రైలు దింపి, రెండో రైలు దాకా తీసుకెళ్ళి ఎక్కిస్తారు. పూర్తిగా ఉచితం. ఒక రోజు ముందే ఫోనులోనో ఆన్‌లైన్‌లోనో చెప్పి పెట్టాలి. మనవాళ్ళు ‘నాకేమైంది, నేను నడవగలను’ అని మొహమాటపడతారు. ఎయిర్‌పోర్టులో వీల్‌చైర్ తీసుకోవడానికి ఒప్పుకున్నారంటే దీనికీ ఒప్పించండి. దారి వెతుక్కునే టెన్షన్ మొత్తం మీ నెత్తి మీంచి దిగిపోతుంది.

ఫ్లోరెన్స్ దాటాక సుమారు 35 నిమిషాల్లో బొలోన్యా వచ్చేస్తుంది, దారంతా దాదాపు సొరంగాలే. చివరి పది నిమిషాల్లో సామాను తలుపు దగ్గరికి చేర్చుకోండి. అడక్కుండానే వచ్చి సూట్‌కేసు పట్టుకునేవాళ్ళు కనిపిస్తే వద్దని గట్టిగా చెప్పండి, తర్వాత డబ్బులు అడుగుతారు. మీరు వెళ్ళే రోజు రైల్వే సమ్మె ఉందేమో వారం ముందు ఒకసారి చూసుకోండి. ఇక్కడ సమ్మెలు తరచూ ఉంటాయి గానీ తేదీ ముందే ప్రకటిస్తారు. పనిదినాల్లో పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య కొన్ని ప్రాంతీయ రైళ్ళు తప్పకుండా నడుపుతారు.

తర్వాతి రైలు పెట్టుకుంటే దొరికే ఆ గంటలో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి, మీరు ఒకటో ప్లాట్‌ఫాం పక్కనున్న వెయిటింగ్ రూమ్‌కి ఒకసారి వెళ్ళి రండి. 1980 ఆగస్టు 2న అక్కడ బాంబు పేలి 85 మంది చనిపోయారు. గోడలో చీలిక అలాగే ఉంచారు, చనిపోయినవాళ్ళ పేర్లు రాయి మీద చెక్కారు. బయట గడియారం ఆ పేలుడు టైము 10:25 దగ్గరే ఆపి ఉంచారు. వేలమంది రోజూ దాని కిందనుంచే వెళ్తారు, తెలియనివాళ్ళు గడియారం పాడైందనుకుంటారు.

మీ టికెట్ ఒకే బుకింగా, రెండా? ఫ్రెచ్చారోస్సా నంబరు కూడా రాయండి. కొన్ని హైస్పీడ్ రైళ్ళు పైనే ఆగుతాయి. మీది అలాంటిదైతే 18 నిమిషాలు పెద్ద కష్టం కాదు, అప్పుడు నా మాట మార్చుకుంటాను.