బెల్లం ద్రావణం కల్లు వాసన వస్తే మొక్కలకు పోయొచ్చా?

బెల్లం, అరటి తొక్కలు సీసాలో ఊరబెడితే కల్లు వాసన వస్తోంది, ఆ ఆల్కహాల్ మొక్క కణాల్ని ఎదగనివ్వదా అనే కదా మీ అనుమానం. ఇదే పని చేసి ఆరు టమాటా మొక్కలు పోగొట్టుకున్నాను కాబట్టి చెప్తున్నా.

బెంగళూరులో కేఆర్ పురం దగ్గర అద్దింటి మిద్దె మీద మావి ఎనిమిది గ్రో బ్యాగులు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలో అరకిలో బెల్లం, తొక్కలు, నీళ్లు వేసి మూత బిగించా. పన్నెండో రోజు మూత తిప్పితే టప్పుమని ఎగిరి నురగంతా చొక్కా మీదికి చిమ్మింది. అయినా బుద్ధి రాలేదు, నీళ్లు కలపకుండానే ఒక్కో మొక్కకు గ్లాసు చొప్పున పోసేశా. సాయంత్రానికి మట్టి తడిగానే ఉంది, ఆకులు మాత్రం ఎండకు వడిలిన తోటకూరలా వేలాడుతున్నాయి. అనంతపురం నుంచి వచ్చి ఉన్న మా అమ్మ వాసన చూసి, "చెట్లకు కల్లు తాపితివేందిరా!" అంది.

గాలి ఆడని సీసాలో ఈస్టు చక్కెరను తిని ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, గ్రాము చక్కెరకు మహా అయితే అరగ్రాము ఆల్కహాల్. ఇక మొక్క కణం పెరగడమంటే చాలావరకు నీళ్లు తాగి ఉబ్బి, ఆ ఒత్తిడితో తన గోడను సాగదీసుకోవడమే. ఆల్కహాల్ చిక్కగా ఉంటే కణం పొరలోని కొవ్వులో కలిసి పొర కారేలా చేస్తుంది, ఒత్తిడి నిలవదు. నా సీసాలో మిగిలిన చక్కెర, పులుపు కూడా తలో చెయ్యి వేసి ఉంటాయి, అన్నీ ఆల్కహాల్ మీదకే తోసేయలేను.

మోతాదే అసలు సంగతి. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు నార్సిసస్ అనే పూల మొక్క దుంపలకు 4 నుంచి 6 శాతం ఆల్కహాల్ కలిపిన నీళ్లు పెడితే కాడలు మూడో వంతు నుంచి సగం దాకా పొట్టిగా వచ్చాయి, పూలు మామూలుగానే పూశాయి. 10 శాతం దాటితే మాత్రం దెబ్బే. ఆవు పేడ, మూత్రం, బెల్లం కలిపి ఊరబెట్టే జీవామృతం చూడండి, 200 లీటర్ల నీళ్లకు 2 కిలోల బెల్లం, అదంతా ఆల్కహాల్‌గా మారినా అరశాతం మించదు, పైగా గోనెపట్టా కప్పి రోజూ కలుపుతారు.

ఇంకోటి, నీళ్లు నిలిచి గాలి అందకపోతే వేళ్లే సొంతంగా ఆల్కహాల్ తయారు చేసుకుంటాయి. వరి మొలక ముంపులో కూడా పైకి సాగేది, అలా చక్కెరను ఆల్కహాల్‌గా మార్చేటప్పుడు దక్కే కొద్దిపాటి శక్తితోనే. ముంపులో మొక్కల్ని చంపేది ఈ ఆల్కహాలేనని ఒకప్పుడు అనుకున్నారు, కానీ అది చాలావరకు నీళ్లలోకి కారిపోతుందని, చంపేంత పోగవదని 1980లలో తేలింది. గాలి లేక ఒక్కో గ్లూకోజు అణువుకు రెండే ఏటీపీలు (కణం ఖర్చుపెట్టుకునే శక్తి అణువులు) దక్కి శక్తి చాలక, కణం లోపల ఆమ్లం పెరిగి వేరు చస్తుంది.

కాబట్టి మూత బిగించకండి, రోజూ కలపండి, పోసేముందు లీటరుకు ఇరవై లీటర్ల నీళ్లైనా కలపండి. ఇప్పటికే పోసేసి ఉంటే అడుగు నుంచి ధారగా కారేదాకా మంచినీళ్లు పోయండి, నా రెండు మొక్కలు అలాగే బతికాయి. ముందు మాత్రం బ్యాగు అడుగు రంధ్రంలో స్క్రూడ్రైవర్ పెట్టి చూడండి, చనిపోయిన ఆరింటిలో నాలుగింటికి అది మట్టితో పూడుకుపోయి ఉంది.