ఎదురెదురు అద్దాల మధ్య వెలుగు ఎంతసేపు ఉంటుంది?

మీరు అడిగినవి మూడు: ఎదురెదురు అద్దాల్లో ప్రతిబింబాలు నిజంగా అనంతమా, లోపలికి పోయేకొద్దీ ఆకుపచ్చగా మసకబారతాయెందుకు, మధ్యలో టార్చి వెలిగించి ఆర్పేస్తే వెలుగు అక్కడే తిరుగుతూ ఉంటుందా.

మూడోదానితో మొదలుపెడతాను, అది తేలితే మిగతావి సులువు. వెలుగు మిగలదు. ఏ అద్దమూ తన మీద పడ్డదంతా వెనక్కి పంపదు. మామూలు ఇంటి అద్దం సుమారు 90 శాతం పంపుతుందనుకుందాం. తక్కినది చాలావరకు అద్దానికి వేసిన లోహపు పూతలో, గాజులో ఇంకి వేడిగా మారిపోతుంది. 7 సార్లు తగిలేసరికే సగానికి తగ్గుతుంది, 20 సార్లకు 12 శాతం, 44 సార్లకు 1 శాతం. అద్దాల మధ్య మీటరు దూరం ఉంటే ఈ 44 సార్లకూ పట్టేది దాదాపు 150 నానోసెకన్లు. స్విచ్ మీద వేలు కదిలేలోపే అంతా అయిపోతుంది. పోనీ 99.999 శాతం వెనక్కి పంపే ప్రయోగశాల అద్దాలు పెట్టినా, 1 శాతానికి పడిపోయేలోపు 4.6 లక్షల సార్లు తిరుగుతుంది గానీ కాలం మాత్రం ఒకటిన్నర మిల్లీసెకనే. వెలుగు వేగం అలాంటిది! లేజర్‌లో రెండు అద్దాల మధ్య వెలుగు నిలబడుతుందంటే, పోయినంత వెలుగును మధ్యలోని పదార్థం ఎప్పటికప్పుడు నింపుతుంది కాబట్టే.

ఇక పచ్చదనం. ఇంటి అద్దానికి పూత వెనక ఉంటుంది, కాబట్టి వెలుగు తగిలిన ప్రతిసారీ గాజును రెండుసార్లు దాటాలి. 4 మి.మీ. గాజైతే 20 సార్లకు 16 సెం.మీ. మందం దాటినట్టు. గాజులోని కొద్దిపాటి ఇనుము ఎరుపునూ నీలాన్నీ కాస్త ఎక్కువ పీల్చుకుంటుంది, ఆకుపచ్చ మిగులుతుంది. టెలిస్కోపుల్లో వాడే, ముందు వైపే పూత ఉన్న అద్దాలతో ఈ బాధ లేదు. కానీ ఆ పూతను వేలితో తాకినా, గుడ్డతో తుడిచినా పాడవుతుంది.

అనంతం మాత్రం లెక్కలోనే, ప్రతిసారీ వెలుగు తగ్గిపోతుంది కాబట్టి కంటికి కొన్నే అందుతాయి. అద్దాల మధ్య 100 సెం.మీ. ఎడం ఉండి, ఒక బొమ్మ మొదటి అద్దానికి 30 సెం.మీ. దూరంలో ఉంటే, ఆ అద్దం వెనక 30, 170, 230, 370, 430 సెం.మీ. దగ్గర ప్రతిబింబాలు వస్తాయి. ముందు భాగం ఒకటి, వీపు ఒకటి, మార్చి మార్చి కనిపిస్తాయి.

బాగా లోతుగా చూడాలంటే అడ్డొచ్చేది మీ తలే. ఒక అద్దం వెనక, నడిమధ్యలో రంగునూ పూతనూ బ్లేడుతో 3-4 మి.మీ. మేర గీకేసి, ఆ కంతలోంచి చూడండి. ఎదుటి అద్దంలో ఆ కంత నల్లచుక్కలా కనిపిస్తుంది. అద్దాలు సరిగ్గా సమాంతరంగా ఉంటే చుక్కలన్నీ ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఒకే చుక్క అవుతాయి. ఒక్క డిగ్రీ తేడా ఉన్నా 20వ ప్రతిబింబం దగ్గరికి వచ్చేసరికి 20 డిగ్రీలు తిరిగిపోతుంది, చుక్కల వరుస వంగుతుంది. ఏ వైపు వంగిందో ఆ వైపు ఎడం తక్కువ ఉన్నట్టు. ఆ వైపు అంచును కొద్దికొద్దిగా వెనక్కి జరుపుతూ సరిచేయాలి. పలుచటి అద్దం తన బరువుకే వంగి బొమ్మలను సాగదీస్తుంది, 5-6 మి.మీ. గాజు తీసుకోవడం మేలు. లోపలికి వెలుగు పక్కనుంచి, చిన్న బల్బుతో ఇవ్వండి. కంతకు కన్ను పెట్టి ఉండగా లేజర్ పాయింటర్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వాడొద్దు. ఆ కిరణం ఎన్ని మలుపులు తిరిగినా నేరుగా కంటిలోకే రావచ్చు.