ఛార్జర్ పెట్టగానే పచ్చ లైటు వస్తోంది, బండికి ఛార్జింగ్ మాత్రం ఎక్కట్లేదు. ఛార్జర్ మార్చాలా, బ్యాటరీ మార్చాలా?

ముందు ఏదీ కొనకండి. మీరు చెప్పినదాన్ని బట్టి 60 వోల్టుల లిథియం బ్యాటరీ ఎలక్ట్రిక్ స్కూటర్, డిస్‌ప్లేలో రెండే గీతలు, ఛార్జర్ గుచ్చీ గుచ్చగానే పచ్చ లైటు. మెకానిక్ ‘ఛార్జర్ పోయింది’ అని తేల్చేశాడు. ఎలా తేల్చాడో అడిగారా? పచ్చ లైటు అంటే బ్యాటరీ నిండిందని కాదు. ‘నా నుంచి కరెంటు పోవడం లేదు’ అని ఛార్జర్ చెబుతోందంతే. నిండినా పోదు, దారిలో తీగ తెగినా పోదు, బీఎంఎస్ (ప్యాక్ లోపల బ్యాటరీని కాపాడే సర్క్యూట్) అడ్డుకున్నా పోదు. మూడింటికీ అదే రంగు.

మల్టీమీటర్‌ని డీసీ 200 వోల్టుల మీద పెట్టండి. ఎర్ర తీగ వోల్టుల కన్నంలోనే ఉందా అని రెండుసార్లు చూసుకోండి. 10 ఆంపియర్ల కన్నంలో మరిచిపోయి బ్యాటరీకి తగిలిస్తే నేరుగా షార్టే. ఛార్జర్ తీసేసి బండి సాకెట్‌లో కొలిస్తే, 16 వరసల సెల్‌ల ఎన్ఎంసీ (నికెల్-మాంగనీస్-కోబాల్ట్ రకం లిథియం) ప్యాక్‌కి ఈ స్థితిలో సుమారు 56 నుంచి 59 వోల్టులు ఉండాలి. సున్నా వస్తే సీటు కింద ఎంసీబీ (కరెంటు ఆపే స్విచ్చు), ఛార్జింగ్ లైన్ ఫ్యూజ్ చూడాలి. ఫ్యూజ్‌ని కంటితో చూసి బాగుందనుకోవద్దు, తీసి మీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి చూడండి. కొన్ని బళ్లలో ఛార్జర్‌తో సంకేతాలు కలిసేదాకా సాకెట్‌లోకి వోల్టేజే రాదు, కొన్నిట్లో డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) అడ్డముంటుంది. వాటికి ఈ పరీక్ష కుదరదు.

సరే, 58 వచ్చిందనుకోండి. ‘వైరింగ్ ఓకే’ అని అందరూ బ్యాటరీ మీద పడేది ఇక్కడే. మల్టీమీటర్ లాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ. వెంట్రుకంత రాగి అంటుకుని ఉన్నా నిండు వోల్టేజే చూపిస్తుంది. లోడ్ లేకుండా కొలిచిన వోల్టేజ్‌ని నమ్మి ఎన్ని మంచి బ్యాటరీలు పాత సామాన్ల కొట్టుకి పోయాయో!

పాత 100 వాట్ల ఫిలమెంట్ బల్బు ఒకటి వెతకండి (ఎల్ఈడీ పనికిరాదు). హోల్డర్‌కి రెండు తీగలు కట్టి, చేతులు పొడిగా ఉంచుకుని, ఆ సాకెట్‌కే తగిలించండి. 58 వోల్టులకి బల్బు నిప్పుకణంలా మసక ఎరుపుగా వెలగాలి. వెలుగుతుండగానే మీటర్ పెడితే ఒక వోల్టు కూడా పడిపోకూడదు. 58 కాస్తా 6కో 7కో జారి, బల్బు వెలగలేదా? దొంగ దాదాపు దొరికినట్టే: సాకెట్ దారిలోని జాయింటు. ప్యాక్ విప్పే ముందు దాన్ని చూడండి.

ఎంసీబీ దించేసి, ఆ సాకెట్ మరలు విప్పి వెనక్కి తిప్పండి. పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి ఉంటుంది. లగ్గు (తీగ చివర నొక్కే లోహపు ముక్క) దగ్గర రాగికి ఆకుపచ్చ చిలుము పట్టి, ఇన్సులేషన్ లోపల పోగులు నల్లబడి ఉంటాయి. వానలో తడిసిన బళ్లలో, విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఇది మామూలే. నల్ల రాగికి సోల్డర్ పట్టదు, కొత్త లగ్గు నొక్కినా లాభం లేదు. ఎర్రగా మెరిసే రాగి వచ్చేదాకా తీగని రెండు మూడు సెంటీమీటర్లు వెనక్కి కోసి, అప్పుడు లగ్గు నొక్కించండి. సాకెట్ కూడా మార్చేయండి, లోపలి స్ప్రింగ్ వేడికి ఒకసారి మెత్తబడితే మళ్లీ బిగుసుకోదు.

పూర్తిగా తెగకుండా, సగం పాడైన జాయింటు ఇంకో రకం. 0.2 ఓమ్‌ల నిరోధం చాలు. 8 ఆంపియర్లు పోతుంటే అక్కడ దాదాపు 13 వాట్ల వేడి, అంటే చిన్న సోల్డరింగ్ ఐరన్‌లో సగం. దాన్ని బల్బు పట్టుకోలేదు. అరగంట ఛార్జ్ చేసి, ఆపి, ప్లగ్గు పట్టుకుంటే తెలుస్తుంది.

బల్బు నిక్షేపంగా వెలిగి, ఛార్జర్ మాత్రం పచ్చగానే ఉంటే అనుమానం బీఎంఎస్ మీదికి, ఛార్జర్ మీదికి పోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో నడిపి వచ్చి వెంటనే గుచ్చితే, సెల్‌ల వేడి సుమారు 45 డిగ్రీలు దాటినప్పుడు చాలా బీఎంఎస్‌లు ఛార్జింగ్ ఒప్పుకోవు. గంటసేపు నీడలో ఉంచి మళ్లీ చూడండి. చల్లబడ్డా అంతేనా? ఉష్ణోగ్రత చూసే థర్మిస్టర్ తీగ తెగి ఉండొచ్చు. సాధారణంగా వాడే రకం 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌లు, 45 దగ్గర 4-5 కిలో ఓమ్‌లు చూపిస్తుంది. తెగితే అనంతం చూపిస్తుంది, బీఎంఎస్ దాన్ని గడ్డకట్టే చలి అనుకుని తలుపు వేసేస్తుంది. ప్యాక్ లోపలి ఈ పని తెలిసినవాళ్లకే వదిలేయండి.

ఛార్జర్ విషయానికొస్తే, ఖాళీగా కొలిస్తే సున్నా వచ్చిందని పోయిందనకండి. బ్యాటరీ కనబడితే తప్ప వోల్టేజ్ ఇవ్వనివి ఉన్నాయి. అదే రకం ఇంకో బండికి పెట్టి, గోడ సాకెట్ దగ్గర చిన్న వాట్ మీటర్ తగిలిస్తే తేలిపోతుంది. 8 ఆంపియర్ల ఛార్జర్ 500 వాట్లకు పైగా లాగాలి. లేబుల్ కూడా చదవండి. 16 వరసల ఎన్ఎంసీకి 67.2 వోల్టులు, 20 వరసల ఎల్ఎఫ్‌పీకి (లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం) 73. రెండింటినీ కొట్లో ‘60 వోల్టుల ఛార్జరే’ అని అమ్ముతారు. 73ది తెచ్చి ఎన్ఎంసీకి పెడితే సెల్‌కి 4.56 వోల్టుల చొప్పున పడుతుంది, అప్పుడు మంటకీ మీకూ మధ్య ఉండేది బీఎంఎస్ ఒక్కటే.

ఇంకోటి, మీరు అడగలేదు గానీ: ఛార్జర్ ఒంటి మీద చెయ్యి వేస్తే జిల్లుమంటుందన్నారు. అది చాలాసార్లు ఛార్జర్ లోపం కాదు, మీ ఇంట్లో ఎర్త్ లేకపోవడం. లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల, ఎర్త్ దొరకని లోహపు డబ్బా మీద 110 వోల్టుల చుట్టుపక్కల కనిపిస్తుంది. మూడో పిన్ను విరగ్గొట్టి టూ పిన్ సాకెట్‌లో దూర్చేవాళ్లకి దండం. కొత్త అపార్ట్‌మెంట్లలో సైతం మూడో కన్నం వెనక తీగే ఉండని సాకెట్లు కనిపిస్తాయి. మీటర్‌ని ఏసీ వోల్టుల పెద్ద రేంజి మీదికి మార్చి కొలిస్తే, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230 దరిదాపుల్లో, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. అలా లేకపోతే ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ తీగ నేలలోని ఎర్త్ గుంత దాకా ఉందో లేదో చూపించండి, తీగ ఉంటే గుంత ఎండిపోయిందేమో చూసి నాలుగు బిందెల నీళ్లు పోయించండి.